లావు అక్షరం, లోపలి ఖాళీ

(తెలుగు బడి ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగేళ్ళ క్రితం మా ఊరి తెలుగు బడి వార్షికోత్సవానికి బ్యానరు తయారుచేసే పని నామీద పడింది. దూరానికి కనపడాలని బాగా లావు అక్షరాలు పెట్టాను. ఒక వరసలో పట్టలేదు. కంప్యూటర్లో రెండు పక్కల నుంచీ నొక్కి ఇరికించాను. వేదిక మీద కట్టాక, వెనక వరసలో ఉన్న మా ఎనిమిదేళ్ళ అమ్మాయి అడిగింది: "నాన్నా, వారశాల అంటే ఏంటి? వారానికొకసారి వెళ్తాం కాబట్టా?"

అక్కడ రాసింది 'పాఠశాల'! అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ తప్పు పిల్లది కాదు, నాది.

ఇంగ్లీషులో ఇలాంటి అక్షరాలకు మంచి గిరాకీ ఉంది. హెల్వెటికాలో కొసలు గుండ్రంగా ఉండే రకం 1978లో వచ్చింది. అందులో బోల్డ్ కండెన్స్‌డ్ కూడా ఉంది. లావు వల్ల దూరానికి ఆనుతుంది. ఇరుకు వల్ల పొడుగు మాట కూడా ఒక వరసలో పడుతుంది. గుండ్రటి కొసల వల్ల లావులోని కరుకుదనం తగ్గుతుంది. అందుకే దుకాణాల బోర్డులకూ, పిల్లల పుస్తకాల అట్టలకూ బాగా నప్పుతుంది. ఆ లిపిలో నిలువు గీతలెక్కువ. దగ్గరికి జరిపినా పోలిక చెడదు.

మన లిపి సంగతి వేరు. మనకు గుండ్రం కొసల్లోనే కాదు, ఒళ్ళంతా ఉంది. అక్షరానికీ అక్షరానికీ తేడా ఒక్కోసారి చిన్న చుక్కలో, చిన్న సందులో ఉంటుంది. 'ర' కడుపులో చుక్క పెడితే 'ఠ'. తలకట్టు విడిగా ఉంటే 'ప', అతుక్కుంటే 'వ'. గీత లావెక్కేకొద్దీ ఈ ఖాళీలు తగ్గుతాయి. పక్కల నుంచి నొక్కితే ఇంకా ఇరుకవుతాయి. దూరం నుంచి చూస్తే పూడిపోయినట్టే. పైగా కింద వత్తులకు చోటు కావాలి. 'రాష్ట్రం' అని రాసి చూడండి, తెలుస్తుంది.

అలాగని లావు అక్షరం వద్దనను. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో 'రామభద్ర' అలాంటిదే. అష్టదిగ్గజాలలో ఒకరుగా చెప్పే అయ్యలరాజు రామభద్రుడి పేరు దానికి పెట్టారు. అది శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వానపత్రాలకు తయారైనది. వ్యాసమంతా దానితో అచ్చేస్తే కళ్ళు నొప్పెడతాయి.

పెద్దవాళ్ళం అక్షరం చెదిరినా మాటను పోల్చుకుంటాం, అది మన చెవిలో ఉంది కాబట్టి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ ఆసరా లేదు. వాళ్ళు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు. మనం చుక్క మింగేస్తే వాళ్ళకు మాటే పోతుంది.

అందుకని నా మనవి ఇంతే. లావు అక్షరాలు నాలుగైదు మాటలకే వాడండి. పట్టకపోతే నొక్కకండి, రెండు వరసలు చేయండి. అచ్చుకిచ్చే ముందు కాగితం గోడకి అంటించి, ఇరవై అడుగుల దూరంలో ఒక పిల్లనో పిల్లాణ్ణో నిలబెట్టి చదివించండి.

ఈ ఏడు మా బ్యానరు రెండు వరసల్లో కట్టాం. మా అమ్మాయి చదివింది. ఏమీ అడగలేదు.

సెలవు.