గజ్జి: ఇంటిల్లిపాదికీ ఒకే రాత్రి మందు



గజ్జి గురించి మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వారు. "అది రేడియోలో చెప్పుకునే సంగతా?" అన్నారు. పావగడ, బళ్ళారి వైపు మన ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. తెలుగులో గజ్జి, కన్నడంలో కజ్జి. పేరులో ఒక్క అక్షరమే తేడా. దాన్ని దాచుకోవడంలో ఆ తేడా కూడా లేదు. ఆ దాపరికం వల్లే అది ఇల్లు వదలడం లేదు.

కొన్నేళ్ళ క్రితం నా ఐదో తరగతిలో ఒక పిల్లవాడు పాఠం జరుగుతున్నంతసేపూ వేళ్ళ సందులు గోక్కుంటూ ఉండేవాడు. "వాళ్ళ కుక్కకు గజ్జి సార్, బొచ్చంతా ఊడిపోయింది, దాన్నుంచే వచ్చింది" అన్నారు తోటి పిల్లలు. నేనూ నమ్మాను. వాణ్ణి వెనక విడిగా కూర్చోబెట్టాను. తండ్రి ఆ కుక్కను తీసుకెళ్ళి ఊరికి దూరంగా వదిలేసి వచ్చాడు. పిల్లవాడికి ఒక్కడికే మందు పూశారు. కొన్నాళ్ళు తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ మొదలైంది.

చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారు వాడి చేతులు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి ఎవరి పక్కన పడుకుంటావు?" "అవ్వ పక్కన" అన్నాడు. అవ్వకు ఆరు నెలలుగా ఒళ్ళంతా దురద. సిగ్గుపడి కోడలికి కూడా చెప్పలేదు.

గజ్జికి కారణం రక్తం చెడటం కాదు, వేడి చేయడం కాదు. ఎనిమిది కాళ్ళ చిన్న పురుగు. ఆడపురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. ఇటలీలో బొనోమో అనే వైద్యుడు 1687లోనే దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి, దురదకు మూలం ఇదేనని రాశాడు. ఇది చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా వారికే తెలియకుండా పక్కలో పడుకునేవారికి అంటిస్తారు. కాబట్టి "నాకు దురద లేదుగా, నాకెందుకు మందు?" అనే మాట చెల్లదు.

మరి కుక్క సంగతి? కుక్క గజ్జి పురుగు మన పురుగుకు దాయాది. గజ్జి కుక్కను ఎత్తుకుంటే చేతుల మీద, పొట్ట మీద ఎర్రని పొక్కులు రావచ్చు. కానీ అది మన ఒంట్లో సంతానం పెంచుకోలేదు. కుక్కకు వైద్యం చేయిస్తే మన దురద దానంతటదే పోతుంది. నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి తిరిగే గజ్జి మాత్రం మనుషులదే. కుక్కలకైనా, మేకలకైనా, ఎనుములకైనా గజ్జి పడితే పశువైద్యుడికి చూపించండి. వాడేసిన ఇంజను ఆయిలు పూయకండి. ఆ జీవి దాన్ని నాకి కడుపులోకి తీసుకుంటుంది. పశువుల మందు గానీ, పొలానికి కొట్టే మందు గానీ మనుషులకు ఎన్నడూ వాడకండి.

మనుషులకు డాక్టరు సాధారణంగా రాసేది పర్మెత్రిన్ 5 శాతం క్రీము. ఇంట్లో ఉన్నవారంతా ఒకే రాత్రి పూసుకోవాలి. మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, చంకలు, బొడ్డు, మర్మస్థానాలు ఏదీ వదలకూడదు. ఉదయం స్నానం చేయాలి. వారం తర్వాత మరోసారి ఇలాగే. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరు చెప్పినట్టే చేయాలి. ఒంటి బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేని బొంతలను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వారం రోజులు పక్కన పెట్టండి. మనిషి ఒళ్ళు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి సాధారణంగా బతకదు.

మందు పనిచేసినా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. కంగారుపడి రోజూ పూయకండి. కొత్త పొక్కులు వస్తే మళ్ళీ చూపించుకోండి. గోకిన పుండ్లు చీము పడితే అశ్రద్ధ చేయవద్దు. ఆ చీము వల్ల మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. ముఖం వాచినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

డాక్టరుగారికి తెలుగు రాకపోతే, "మనెయల్లి ఎల్లరిగూ తురికె ఇదె, రాత్రి జాస్తి" అనండి. ఇంట్లో అందరికీ దురద ఉంది, రాత్రిపూట ఎక్కువ అని అర్థం. ఆ ఒక్క మాటతో సగం జబ్బు చెప్పినట్టే.

ఆ పిల్లవాడి ఇంట్లో ఏడుగురు. అవ్వతో సహా అందరూ ఒకే రాత్రి మందు పూసుకున్నారు. వారానికి మళ్ళీ పూసుకున్నారు. గజ్జి పోయింది. మందు పూసిన మరునాడే పిల్లవాడు బడికి రావచ్చని డాక్టరుగారు చెప్పారు. వచ్చాడు. పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాను. కుక్క కోసం మాత్రం తండ్రీ కొడుకులు రెండు మూడు సార్లు వెతికి వచ్చారు. దొరకలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. గోక్కునే పిల్లవాణ్ణి దూరంగా కూర్చోబెట్టకండి. వాళ్ళ ఇంటికి కబురు పెట్టండి.