అడవి పద్దు: నికరం వెనక ఏముంది?



ఈ ప్రసంగం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి పేరు ఆహ్వానపత్రిక మీదా, నా వెనక బ్యానరు మీదా ఉంది. ఆయన గొప్పతనం నేను మళ్లీ వర్ణిస్తే, వింటున్నంత సేపూ ఆయనే ఇబ్బందిపడేవారు. వృక్షశాస్త్రం గదిలో కంటే చెట్టు కిందే ఎక్కువ చెప్పారు. విద్యార్థి చేతికి పుస్తకం కంటే ముందు కొలత టేపు ఇచ్చేవారు. అందుకని టేపుతో మొదలయ్యే సంగతే ఎంచుకున్నాను: నేల వాడకం మారితే, అడవి పెరిగితే, తరిగితే గాలిలో కర్బనం ఎంత మారుతుంది, ఆ లెక్క ఎవరు, ఎలా రాస్తున్నారు అన్నది.

అటవీశాఖ వాళ్లు చెట్టును కొలిచేది నేలకు 1.37 మీటర్ల ఎత్తున. మనిషి రొమ్ము ఎత్తు అన్నమాట. అక్కడ చుట్టుకొలత తీసి, జాతికో సూత్రం చొప్పున చెట్టు బరువు అంచనా కడతారు. ఒక టన్ను పచ్చి కట్టె ఉందనుకోండి. అందులో సుమారు సగం నీరే. ఆరాక మిగిలే 500 కిలోల్లో కర్బనం 47 శాతం అని అంతర్జాతీయంగా వాడే లెక్క. అంటే 235 కిలోలు. అది కాలినా, కుళ్లినా ప్రాణవాయువుతో కలిసి 3.67 రెట్ల బరువైన బొగ్గుపులుసు వాయువు అవుతుంది. వెరసి 860 కిలోల పైమాటే. పెట్రోలు లీటరు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. కాబట్టి ఆ టన్ను కట్టె పొయ్యిలో పెట్టినా, 370 లీటర్ల పెట్రోలు తగలబెట్టినా గాలికి చేరేది దాదాపు సమానం. తేడా అల్లా ఒక్కటే. కట్టె మొన్న గాలిలోంచి తీసుకున్నదే తిరిగి ఇచ్చింది, అదే చోట చెట్టు మళ్లీ మొలిస్తే మళ్లీ తీసుకుంటుంది. పెట్రోలులోని కర్బనం కోట్ల ఏళ్లుగా భూమి అడుగున ఉన్నది. దాన్ని వెనక్కి తీసుకునే చెట్టు ఎక్కడా సిద్ధంగా లేదు. మళ్లీ మొలిస్తే అన్నాను చూశారా, ఈ విషయం మీద ప్రభుత్వాల మధ్య ముప్పై ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా ఆ షరతు చుట్టూనే.

ఇంకో సంగతి. చెట్టు మనకు కనిపిస్తుంది కాబట్టి కర్బనమంతా చెట్టులోనే ఉందనుకుంటాం. శాస్త్రజ్ఞులు ఐదు చోట్ల లెక్కిస్తారు: నేల పైన ఉన్న మాను, కొమ్మలు, నేల లోపలి వేళ్లు, ఎండిపోయిన మోడులు, రాలిన ఆకు, చివరగా మట్టి. మన దేశపు అడవుల్లో నిలవ ఉన్న కర్బనంలో సగానికి మించి ఆ చివరిదాంట్లోనే, మట్టిలోనే ఉంది. అడవిని కొట్టి నాగలి దించినప్పుడు చెట్లు పోయినట్టు అందరికీ తెలుస్తుంది. మట్టిలోని సేంద్రియ కర్బనం గాలి తగిలి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోవడం ఎవరి కంటికీ ఆనదు.

ప్రపంచం మొత్తం మీద నేల వాడకం మార్చడం వల్ల ఏటా నికరంగా సుమారు 400 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. మరోవైపు, మనుషులు వదులుతున్న మొత్తంలో మూడో వంతుకు కాస్త తక్కువగా నేల మీది పచ్చదనమే పీల్చుకుంటోంది. ఆ ఉపకారం శాశ్వతమని భరోసా లేదు. అమెజాన్ ఆగ్నేయ భాగం పీల్చేదాని కంటే వదిలేదే ఎక్కువైందని 2021లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు విమానాల్లో గాలి నమూనాలు తీసి మరీ చూపించారు.

ఇక మన ఇంటి లెక్క. 2024 డిసెంబరులో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి పంపిన నివేదిక ప్రకారం 2020లో దేశం వదిలిన హరితగృహ వాయువులు 295.9 కోట్ల టన్నులు. అడవులు, పొలాలు కలిసి పీల్చుకున్నది 52.2 కోట్ల టన్నులు. తీసివేయగా నికరం 243.7 కోట్లు. పారిస్ ఒప్పందం కింద 2030 నాటికి 250 నుంచి 300 కోట్ల టన్నుల మేర అదనపు కర్బన నిలవ సృష్టిస్తామని మాట ఇచ్చాం. 2005తో పోలిస్తే ఇప్పటికే 229 కోట్ల టన్నులు పెరిగిందని భారత అటవీ సర్వేక్షణ సంస్థ అంటోంది. అంటే పరీక్ష దాదాపు గట్టెక్కినట్టే. నా సందేహం కూడికలోనూ తీసివేతలోనూ కాదు. దేన్ని అడవి అని జమ కడుతున్నాం అన్న దగ్గర మొదలవుతుంది.

ఒక హెక్టారుకు తగ్గని నేల, దాని మీద పది శాతానికి తగ్గని చెట్ల నీడ. అడవికి సర్వేక్షణ సంస్థ నిర్వచనం అంతే. నేల ఎవరిది, ఏ జాతి చెట్టు, కాగితాల మీద అది అడవా కాదా అన్న ప్రశ్నలు లేవు. ఉపగ్రహం పై నుంచి చూస్తుంది, పచ్చగా ఉంటే గీత గీస్తారు. కోనసీమ కొబ్బరి తోట, నూజివీడు మామిడి తోట, ఖమ్మం జామాయిల్, నల్లమలలో నల్లమద్దీ ఏగిసా పెరిగిన లోయ, ఈ లెక్కలో అన్నీ ఒకే బంతిలో కూర్చుంటాయి. ఇందులో మోసమేమీ లేదని ముందే చెప్పాలి. క్యోటో వాతావరణ ఒప్పందం అమలుకు 2001లో మరాకేష్‌లో కుదిరిన నిబంధనలు ప్రతి దేశానికీ పది నుంచి ముప్పై శాతం మధ్య తనకు నచ్చిన అంకె ఎంచుకునే వీలిచ్చాయి. మనం పది తీసుకున్నాం. పైగా 1987 నుంచి రెండేళ్లకోసారి దేశమంతా కొలిచి పుస్తకం అచ్చువేసే ఓపిక, మన స్థాయి దేశాల్లో చాలావాటికి లేదు. ఆ సంస్థ మీద నాకు గౌరవమే.

కానీ ఫలితం చూడండి. 2022 జనవరిలో వచ్చిన నివేదికలో అడవి విస్తీర్ణం పెరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ మొదటిది, 647 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రెండోది, 632. పత్రికలు పండగ చేసుకున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన తరువాతి నివేదికలో రెండు రాష్ట్రాల్లోనూ విస్తీర్ణం తగ్గింది. రెండేళ్లలో వందల చదరపు కిలోమీటర్ల అడవి పుట్టి, మరో రెండేళ్లకు తరిగిపోవడం అడవి లక్షణం కాదు. తోట లక్షణం. ఏగిస మాను దూలానికి పనికొచ్చే లావు కావడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది.

తోట అన్నాను కనుక జామాయిల్ కథ కాస్త నిదానంగా చెప్తాను. భద్రాచలం ఎదుట సారపాకలో కాగితం మిల్లు ఉంది. దాని చుట్టుపక్కల మండలాల్లో మెట్ట రైతులు మిల్లు ఇచ్చిన క్లోన్ మొక్కలు వరసగా నాటారు. నాలుగైదేళ్లకు కోత. మాను నరికి, బెరడు ఒలిచి, కొలత ప్రకారం ముక్కలు చేసి లారీకెత్తుతారు. మొద్దు నుంచి పిలకలు వస్తే రెండో కోత, మూడో కోత. పత్తి వేసి పురుగుమందుల అప్పులో కూరుకున్న రైతుకు ఇది తెరిపి. ఆ రైతును తప్పుపట్టే హక్కు పట్నంలో కాగితం వాడే నాకు లేదు. ఈ తోటల్లోనే మూడు వేల హెక్టార్ల పైచిలుకు క్యోటో ఒప్పందపు స్వచ్ఛాభివృద్ధి విధానం కింద 2009లో నమోదైంది. ఏటా 57,792 టన్నుల బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటుందని అంచనా రాశారు. బంజరుగా పడున్న నేల మీద తోట పెరిగితే కర్బనం పెరిగినట్టే. ఆ మేరకు లెక్క నిజం.

అయితే కోసిన మాను ఎక్కడికి పోయింది? కాగితమైంది. కాగితం రెండు మూడేళ్లలో చెత్తకుప్పకో పొయ్యిలోకో పోయింది. తోటలో సగటున ఏ కాలానికైనా నిలిచి ఉండేది రెండేళ్ల పెరుగుదలే. ఈ సంగతి ఒప్పందం రాసినవాళ్లకూ తెలుసు. అందుకే 2003లో మిలాన్ సమావేశంలో, అడవుల పేరిట ఇచ్చే కర్బన క్రెడిట్లకు, అంటే తాము వదిలిన వాయువుకు బదులుగా ఇతరులు కొనుక్కునే పత్రాలకు, గడువు పెట్టారు. గడువు తీరాక కొన్నవాడు వేరే చోట నుంచి మళ్లీ కొనుక్కోవాలి. యూరపు కర్బన విపణి అసలు వాటిని తాకనే లేదు. గడువుండే సరుకని వ్యాపారి గుర్తించాడు. మన రాష్ట్రాల ప్రకటనల్లో మాత్రం ఆ గడువు ఎక్కడా కనిపించదు, పచ్చదనం శాతం ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది.

ఇదే సందర్భంలో ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ గురించి చెప్పకపోతే అన్యాయం. అక్కడి ఆదివాసీ మహిళల సంఘం కానుగ మొక్కలు పెంచింది, గింజల నుంచి నూనె తీసింది. డీజిలు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచబ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. దేనికో తెలుసా? వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు విమానాల్లో వచ్చినవాళ్ల పాపం కడిగేందుకు. ఆ డబ్బు మహిళలకు ఆనందమే ఇచ్చి ఉంటుంది, నేను కాదనను. అయినా విమానం పొగ ఆ వారంలోనే గాలిలో కలిసింది. కానుగ నూనె దాన్ని తీర్చాల్సింది పదేళ్లలో.

పోడు సంగతికి వద్దాం. కొండ మీద చెట్లు కొట్టి, ఎండబెట్టి, తగలబెట్టి, బూడిదలో కొర్రా సామా చల్లి, రెండు మూడు పంటల తరవాత ఆ చెలక వదిలేసి ఇంకో చోటికి పోవడం పాత పద్ధతి. వదిలిన చోట పదీ పదిహేనేళ్లు అడవి తేరుకునేది. కర్బనం పోయేది, వచ్చేది. జనం పెరిగి, చుట్టూ అడవి హద్దులు బిగిశాక ఆ విరామం రెండు మూడేళ్లకు కుదించుకుపోయింది, చాలా చోట్ల అసలే లేదు. అప్పుడది చక్రం కాదు, శాశ్వత సేద్యం. అక్కడ కర్బనం పోయింది పోయినట్టే. తెలంగాణ ప్రభుత్వం 2023లో లక్షన్నర మంది గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాలు ఇచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే, 2022 నవంబరులో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం పోయింది. ఇటు ఆకలి, అటు కొలువు, మధ్యలో అడవి. పట్టా ఇస్తే అడవి పోయిందని గగ్గోలు పెట్టే పెద్దమనుషులు, పోలవరం ప్రాజెక్టు కోసం సుమారు 3,700 హెక్టార్ల అటవీభూమి మళ్లించినప్పుడు ప్రత్యామ్నాయ వనీకరణ అనే మాటతో ఊరట చెందారు. మునిగేది నదీతీరపు ముదురు అడవి. బదులు నాటేది వేరే జిల్లా గుట్ట మీద ఏడాది వయసు మొక్క. రెండింటినీ హెక్టారుకు హెక్టారుగా చెల్లు వేయడం పద్దులో కుదురుతుంది, నేల మీద ముప్పై నలభై ఏళ్లకు గానీ కుదరదు. ఈలోపు విడుదలైన వాయువు ఆగదు.

హైదరాబాదు పట్నం ఉదాహరణ కూడా ఉంది. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల మీదికి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. అది రికార్డుల్లో అడవి కాదన్నది ఒక వాదం. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో అదే న్యాయస్థానం, అడవి అంటే నిఘంటువు అర్థంలో అడవేనని, రికార్డు ఏమన్నా సరేనని చెప్పి ఉంది. అక్కడి నెమళ్లకూ జింకలకూ ఆ తీర్పు ముందే తెలిసినట్టుంది.

నేను చూసినవాటిలో ఆశ కలిగించేది సముద్రం ఒడ్డున ఉంది. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి. 1978లో అభయారణ్యం చేశారు. వంటచెరకు కోసం, రొయ్యల చెరువుల కోసం చుట్టూ చాలా పోయింది. ఎండి, ఉప్పు పేరుకుని, బోసిపోయిన చోట్ల అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ, ఊళ్లలోని వన సంరక్షణ సమితులు కలిసి చేసిన పని వినండి. మధ్యలో ఒక పెద్ద కాలువ తవ్వారు. దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు. పై నుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పుటేరు నీరు లోపలికి పాకుతుంది, పాటుకి తిరిగి పోతూ మట్టిలోని ఉప్పును కడుక్కుపోతుంది. కాలువ గట్టు వాలులో మడ మొక్కలు నాటారు. ఏడాది తిరిగేసరికి వేళ్లు పట్టాయి. మడ మొక్క ఊపిరి వేరు బురదలోంచి నిటారుగా పైకి పొడుచుకువస్తుంది. ఆ వేళ్ల మధ్య పేరుకునే నల్ల బురదలో గాలి ఆడదు, అందుకే అక్కడ చేరిన ఆకూ కొమ్మా అంత తేలిగ్గా కుళ్లవు. మడ అడవి నేలలో దాగే కర్బనం మెట్ట అడవి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని తవ్వి రొయ్యల చెరువు చేస్తే, ఆ నిలవ కూడా వేగంగా బయటికొస్తుంది. ఇక్కడ పని మొక్కలు నాటడంతో మొదలవలేదు. నీటి దారి బాగు చేయడంతో మొదలైంది. కోట్ల మొక్కల ఉత్సవాలు జరిపేవాళ్లు ఒకసారి ఆ కాలువలు చూసి రావాలి.

నా అభ్యంతరం ఇదీ. నికరం అనేది ఒకే అంకె. ముదురు అడవి నరికితే ఎంత పోయింది, కొత్త తోట వేస్తే ఎంత వచ్చింది అన్న రెండు అంకెల్ని అది మింగేస్తుంది. పోయింది ముదురుదీ వచ్చింది లేతదీ అయినా, పోయింది ఆదివాసీ గూడెందీ వచ్చింది మిల్లు వాకిట్లోదీ అయినా, నికరానికి పట్టదు. కేంద్ర ప్రభుత్వం, రెండు రాష్ట్రాల అటవీశాఖలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సహజమైన అడవిని ఒక వరసలో, నాటిన తోటను ఇంకో వరసలో, రెండేళ్లలో కొట్టేసిన దాన్ని మూడో వరసలో విడిగా అచ్చు వేయాలి. ఉపగ్రహ చిత్రాల్లో అంత తేడా చూడగల పరిజ్ఞానం ఇవాళ మనకుంది.

అంతవరకూ ఆగనక్కర లేదు. సర్వేక్షణ సంస్థ నివేదికలో జిల్లాలవారీ పట్టికలున్నాయి. ప్రతి జిల్లాకూ బాగా దట్టమైన అడవి, ఓ మోస్తరు దట్టమైన అడవి, పలచని అడవి అని మూడు గడులుంటాయి. తరువాతి నివేదిక రాగానే మొదటి పేజీలోని శాతం చూసి ఊరుకోకండి. మీ జిల్లా తీయండి, దట్టమైన అడవి గడిని కిందటి నివేదికతో పోల్చండి, తగ్గితే ఎక్కడ తగ్గిందో మీ అటవీ అధికారిని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రుసుము పది రూపాయలు.