బండి మారే చదువు
(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సోలాపురములో మన ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణము, పద్య పఠనము, తరువాత మన భాష పిల్లలకు రాకుండా పోతున్నదన్న విచారము వుండడం వాడుక. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో మన పిల్లలు చదివే కమ్యూనిటీ కాలేజీల సంగతి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాలము. తండ్రిగారు సర్వీసులో వుండగానే పోతే, మెట్రిక్ ప్యాసయిన కాగితము పట్టుకొని వుద్యోగములో చేరినవాళ్ళము. కాలేజీ గడప తొక్కినవాళ్ళము కాము. అయితే మా అక్కగారి కుటుంబము అక్కడ వున్నది. వాళ్ళ అమ్మాయి చదువు కోసం ఆ లెక్కలు రాత్రిళ్ళు కూర్చుని చూడవలసి వచ్చింది. ఆ సంగతి పేటలో పొక్కి మరి నాలుగు ఇళ్ళవారు అడగడం మొదలుపెట్టారు. అదే మా అర్హత.

అక్కడినుంచి ఫోను వస్తుంది. మనవడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడంటారు. ఇక్కడ అమ్మమ్మగారు ముఖము చిన్నబుచ్చుకుంటారు. పక్కింటివారి అబ్బాయి పేరున్న యూనివర్సిటీలో వున్నాడు, మనవాడికి సీటు రాలేదు కాబోలు, ఏదో వూరి కాలేజీలో పడేశారు, అని బాధ. ఈ బాధకు ఆధారము లేదు. 1960లో ఆ రాష్ట్రము ఉన్నత విద్యకు ఒక మహాప్రణాళిక వేసుకున్నది. హైస్కూలు ముగించినవారిలో పైనున్న ఎనిమిదవ వంతు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, పైనున్న మూడవ వంతు స్టేట్ కాలేజీలకు, చదువుకుంటామని వచ్చినవారికి ఎవరికైనా సరే ఈ రెండేళ్ళ కాలేజీలు, అని పంచుకున్నారు. ఆ స్టేట్ కాలేజీలనే ఇప్పుడు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ అంటారు. రెండేళ్ళ కాలేజీలో బాగా చదివినవాడు పెద్ద విశ్వవిద్యాలయములో తిన్నగా మూడవ ఏట చేరవచ్చునన్నది ఆ ప్రణాళికలోని వాగ్దానము. ఈనాడు అటువంటి కాలేజీలు 116 వున్నవి. చివరకు చేతికి వచ్చే పట్టా విశ్వవిద్యాలయము ఇచ్చే పట్టాయే. మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివాడో దానిమీద వ్రాయరు.

ఖర్చు సంగతి వింటే అమ్మమ్మగారు కూడా సంతోషిస్తారు. ఆ రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు. రెండేళ్ళకు 60 యూనిట్లు కావాలి గనుక 2,760 డాలర్లు. పుస్తకాలు, తిండి, ఇల్లు వేరే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో అయితే రాష్ట్ర నివాసికే ఏడాది ఫీజు 14,000 డాలర్లు దాటుతుంది. వెలుపలివారికి మాత్రము రెండుచోట్లా ఫీజు చాలా ఎక్కువ. విద్యార్థి వీసామీద వెళ్ళినవారికి కమ్యూనిటీ కాలేజీలో ప్రతి అర్ధ సంవత్సరమూ 12 యూనిట్లకు తగ్గకుండా చదవాలనే నిర్బంధము కూడా వున్నది.

ఇంత చవకగా, ఇంత గౌరవంగా వున్న దారిలో కష్టము ఎక్కడ వున్నదంటే, బండి మారేచోట వున్నది. మనలో పెద్దవారికి కుర్దువాడి జంక్షను జ్ఞాపకముండాలి. బార్శీ లైటు రైల్వే చిన్న బండ్లలో వచ్చిన సరుకంతా అక్కడ దింపి పెద్ద లైను వ్యాగన్లలోకి ఎక్కించేవారు. ఇప్పుడు అదంతా పెద్ద లైను అయిపోయింది. ఆ రోజుల్లో చీటీ సరిగా అంటించిన మూట తిన్నగా బొంబాయి చేరేది. చీటీ లేని మూటను ఎవరూ దొంగిలించేవారు కాదు, అది ప్లాటుఫారము మీద వుండిపోయేది, అంతే. మా ఆఫీసులో ముసలి గుమాస్తాలు ఈ సంగతి ఇప్పటికీ చెబుతారు. కాలేజీలో చదివిన పాఠమూ అంతే. మంచి మార్కులు వచ్చి వుండవచ్చును, కష్టపడి చదివి వుండవచ్చును. అవతలి విశ్వవిద్యాలయము దానిని ఏ ఖాతాలో జమ కట్టుకుంటుందో ముందుగా చూసుకోకపోతే అది ప్లాటుఫారము మీదనే వుంటుంది.

ఖాతాలు మూడు వున్నవి. మొదటిది వట్టి యూనిట్ల లెక్క, అంటే ఆ 60. రెండవది సామాన్య విద్య. వాళ్ళు జనరల్ ఎడ్యుకేషను అంటారు. ఇంజనీరు కాబోయేవాడైనా, చరిత్ర చదివేవాడైనా కొన్ని భాషా పాఠాలు, కొంత గణితము, కొంత శాస్త్రము, కొంత సమాజ పరిచయము వుండి తీరాలని దాని వుద్దేశము. మూడవది ప్రధాన విషయానికి, వాళ్ళ భాషలో మేజరుకు, కావలసిన పునాది. ‘ఈ పాఠము ట్రాన్స్‌ఫర్ అవుతుంది’ అని కాలేజీ పుస్తకములో వ్రాసి వుంటే మొదటి ఖాతాకు మాత్రమే హామీ. రెండవదానికి, మూడవదానికి వేరే చూసుకోవాలి. పిల్లలు పొరపడేది సరిగ్గా ఇక్కడనే.

సామాన్య విద్యకు 2025 శరత్కాలము నుంచి ఒకే పట్టిక వచ్చింది. పేరు కాల్‌గెట్సీ. అంతకుముందు రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలకు రెండు వేర్వేరు పట్టికలు వుండేవి, పిల్లలు తికమక పడేవారు. 2021లో చేసిన ఒక చట్టము వల్ల అవి ఒకటి అయినవి. ఇందులో 11 పాఠాలు, 34 యూనిట్లు. ఇంగ్లీషులో మూడు: వ్యాసరచన ఒకటి, తర్కించి వ్రాయడము ఒకటి, సభలో మాట్లాడడము ఒకటి. గణితము ఒకటి. కళల్లో ఒకటి, సాహిత్యము తత్త్వము వంటి మానవ విద్యల్లో ఒకటి. అర్థశాస్త్రము, మనస్తత్త్వము, రాజనీతి వంటివాటిలో రెండు. భౌతికశాస్త్రాల్లో ఒకటి, జీవశాస్త్రాల్లో ఒకటి, వాటికి తోడు ప్రయోగశాల. ఇక చివరిది ఎత్నిక్ స్టడీస్, అంటే అమెరికాలోని ఆదివాసులు, నల్లవారు, ఆసియావారు, లాటిన్ అమెరికా సంతతివారు, వీరి చరిత్ర. ప్రతి పాఠములోనూ కనీసము సీ గ్రేడు రావాలి.

తెలివిగలవాడు ఒక దెబ్బకు రెండు పిట్టలు కొడతాడు. కాల్‌క్యులస్ తీసుకుంటే అది గణితము గడిని నింపుతుంది, ఇంజనీరింగు పునాదికీ జమ అవుతుంది. వ్యాపార విద్యకు వెళ్ళేవాడు అర్థశాస్త్రము తీసుకుంటే అది రెండుచోట్లా పనికివస్తుంది. ఏ కాలేజీ పాఠము ఏ విశ్వవిద్యాలయములో దేనికి సమానమో చూపించే అసిస్ట్ అనే సర్కారు పట్టిక ఇంటర్నెట్‌లో వున్నది. దానికి డబ్బు లేదు, తాళము లేదు. సోలాపురములో కూర్చుని మేము చూశామంటే మీరూ చూడవచ్చును.

ఇక మా మేనకోడలి సంగతి. కంప్యూటర్ ఇంజనీరింగు అని చేరింది. మొదటి అర్ధ సంవత్సరము స్నేహితురాళ్ళతో కలిసి నాలుగు పాఠాలు తీసుకున్నది: సినిమా చరిత్ర, ఉపన్యాస కళ, ఆసియా అమెరికనుల చరిత్ర, ఆరోగ్య సూత్రాలు. మార్కులు బాగా వచ్చినవి. బావగారు మాత్రము అగ్గిమీద గుగ్గిలమయ్యారు. అర్ధ సంవత్సరము గంగలో కలిసిందన్నారు, అమ్మాయి రెండు రోజులు అన్నము మానేసింది. అక్కగారు మాకు ఫోను చేసి ఏడ్చింది. అప్పుడు మేము పార్సెలు లెడ్జరు లాగా ఒక కాగితము మీద గీతలు గీసి చూశాము. సినిమా చరిత్ర కళల గడిలో కూర్చున్నది. ఉపన్యాసము ఇంగ్లీషు మూడవ గడిలో. ఆసియావారి చరిత్ర చివరి గడిలో. ఆరోగ్యము మాత్రము ఏ గడిలోనూ ఇమడలేదు, వట్టి యూనిట్లకింద మిగిలింది. అంటే గంగలో కలిసింది ఒకటే. బావగారికి ఈ మాట చెప్పి కొంత శాంతింపజేశాము.

అసలు నష్టము ఆయన చూసినచోట లేదు. గణితము మెట్ల వరుస. ఆ అమ్మాయి మొదట ప్రీకాల్‌క్యులస్, తరువాత కాల్‌క్యులస్ మూడు భాగాలు, ఒకటి అయితేగాని రెండవది ఇవ్వరు. లైన్ క్లియర్ రానిదే బండి తరువాతి సెక్షనులోకి పోరాదు గదా, అలాగ. నాలుగు మెట్లు, నాలుగు అర్ధ సంవత్సరాలు; మొదటిది వదిలేస్తే నాలుగవది రెండేళ్ళు దాటిపోతుంది. భౌతికశాస్త్రము కూడా కాల్‌క్యులస్‌ను పట్టుకొనే నడుస్తుంది. అమ్మాయి మొదటి మెట్టు వసంతములో ఎక్కి, వేసవిలో అందరూ తిరుపతి ప్రయాణమని విమానమెక్కుతుంటే తాను ఒక్కతే అక్కడ వుండి, వేసవి తరగతిలో రెండవ మెట్టు ముగించింది. ఏడెనిమిది వారాల్లో అర్ధ సంవత్సరపు గణితము. అది సులభమని మేము ఎవరికీ చెప్పము.

అందుచేత ఇంజనీరింగు, భౌతిక రసాయన శాస్త్రాలవంటివి కోరే పిల్లలు ముందు మేజరు పునాది చూసుకోవాలి. సామాన్య విద్య మొత్తము ముగించి రమ్మని ఇంజనీరింగువారు అడగరు. కొంత అక్కడికి వెళ్ళాక కూడా చదువుకోనిస్తారు. పునాది లేనివాడికి మాత్రము తలుపు తీయరు. దీనికి విరుద్ధంగా, చరిత్ర, ఆంగ్లము, సమాజశాస్త్రము వైపు వెళ్ళేవారికి, ఇంకా ఏమీ నిర్ణయించుకోనివారికి, కాల్‌గెట్సీ ముందుగా ముగించడమే మంచిది. పదునెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి నీవు ఏమవుతావో ఇప్పుడే చెప్పమంటే వాడు తండ్రి మాటే చెబుతాడు. ఈ పట్టిక వాడికి ఏడాది గడువు ఇస్తుంది. ఆ గడువు వాడికి దక్కనివ్వాలని మేము తండ్రులను కోరుతున్నాము.

క్యాలెండరు సంగతి ఒకటి. శరత్కాలములో విశ్వవిద్యాలయములో చేరాలంటే అంతకు ముందటి ఏడు అక్టోబరు, నవంబరు మాసాల్లో దరఖాస్తు పెట్టాలి. అంటే రెండేళ్ళ చదువులో ఏడాది మార్కులే చేతికి వచ్చి వుంటాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరుచోట్ల, నిబంధనలు నెరవేరిస్తే సీటు ఖాయమని ముందే వ్రాసి ఇచ్చే పద్ధతి వున్నది. దానికి సెప్టెంబరులోనే అర్జీ పెట్టాలి. బర్కిలీ, లాస్ ఏంజిలస్, శాండియాగోలలో ఆ హామీ లేదు. మరొకటి: కుపర్టినోలోని డి ఆంజా వంటి కొన్ని కాలేజీలు ఏడాదిని మూడు ముక్కలు చేసి నడుపుతాయి. అక్కడ యూనిట్ చిన్నది, 60 బదులు 90 కావాలి. పాత కొలతతో లెక్క చూసి తాతలు కంగారు పడవద్దు.

బావగారు దండుగ అన్న ఆసియావారి చరిత్ర పాఠము గురించి చెప్పవలసినది వున్నది. ఆ రోజుల్లో ఒక రాత్రి అమ్మాయి మాకు ఫోను చేసింది. పంజాబునుంచి కాలిఫోర్నియా పొలాల్లో పనికి వెళ్ళినవారి సంగతి, అమెరికా సైన్యములో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే ఆయనకు 1923లో అక్కడి సుప్రీముకోర్టు పౌరసత్వము కుదరదన్న సంగతి, 1946లో గాని మనవారికి ఆ హక్కు రాలేదన్న సంగతి గబగబా చెప్పి, ‘‘మామయ్యా, మన వాళ్ళు సోలాపురం ఎప్పుడు వచ్చారు? ఎవరు రమ్మన్నారు? వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు ఏమన్నారు?’’ అని అడిగింది. మాకు జవాబు తెలియదు. మగ్గము పనికి వచ్చారని తెలుసు, వూరి పేరు తెలుసు, అంతే. మరునాడు డ్యూటీ దిగి పెద్దనాన్నగారి దగ్గరకు పోయి అడిగాము. ఆయన గంటన్నర చెప్పారు. నడిచి వచ్చిన దారి, మొదట దిగిన గది, అద్దె ఇవ్వలేని నెల, మరాఠీ రాక సంతలో పడిన అవస్థ. అదంతా ఫోనులో పట్టి అమ్మాయికి పంపించాము. మేము ముప్పయి అయిదేళ్ళు ఆయన పక్క వీధిలోనే వున్నాము, ఎన్నడూ అడగలేదు, మమ్మల్ని అడగమని ఏ పాఠమూ చెప్పలేదు. ఆ గొంతు విని బావగారు కూడా చాలాసేపు మాట్లాడలేదట.

మన దేశములో కూడా 2021లో యూజీసీవారు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒక ఖాతా పద్ధతి తెచ్చారు. చదివినది జమ కట్టుకొని మరొకచోట వాడుకోవడమే దాని వుద్దేశము. కనుక ఈ లెక్క ఇక్కడి పిల్లలకూ కొత్తది కాకుండా పోయే రోజు వస్తుంది.

మనవలు, మేనల్లుళ్ళు ఆ కాలేజీల్లో వున్నవారు పిల్లల చేత మూడు కాగితాలు తెప్పించండి: ఇంతవరకు చదివిన పాఠాల జాబితా, పోదలచిన విశ్వవిద్యాలయము పేరు, మేజరు పేరు. మేజరు ఇంకా తేలకపోతే తేలలేదనే వ్రాయమనండి. ఆదివారము సాయంత్రము అయిదు గంటలకు మేము సంఘము ఆఫీసులో వుంటాము. పిల్లలకు అప్పుడు తెల్లవారుజాము గనుక వాళ్ళను లేపవద్దు; కాగితాలు చాలు. గీతల కాగితము, పెన్సిలు మేము తెస్తాము. రెండవ ఆదివారము మాత్రము నైటు డ్యూటీ పడుతుంది, ఆ రోజు రావద్దు.