సూది వేసుకున్నాక అన్నం ఆలస్యం చేయకండి

(సర్వసభ్య సమావేశంలో పొదుపు సంఘ సభ్యురాలు ఒకరు మాట్లాడిన మాటలు)

నన్ను మీలో చానామంది ఎరుగుదురు. మా అమ్మ మొదటి నుంచీ సంఘంలో ఉంది. నేను చేరి మూడేళ్లయింది, మా సంఘం లెక్కల పుస్తకం నేనే రాస్తాను. ఇప్పుడు నాకు 23 ఏళ్లు. 14వ యేట నుంచి షుగర్ ఉంది.

"ఇంత చిన్న వయసులో షుగరేంది, తీపి ఎక్కువ తిన్యావా?" అని అడుగుతారు. కాదక్కా. పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చేది, మాత్రలతో నడిచేది టైప్ టూ. నాది టైప్ వన్. రోగాలతో పోరాడాల్సిన ఒంటి శక్తే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. తీపి తిన్నందుకు రాదు, తల్లి పెంపకం వల్లా రాదు. మా అమ్మను ఆ మాట అన్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పనులే.

నాకు ఇన్సులిన్ తప్ప వేరే దారి లేదు. 1922 జనవరిలో కెనడా దేశం టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయికి మొదటిసారి ఈ సూది వేసినారు. వాడికీ 14 ఏళ్లే. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవాళ్లు కాదు. అందుకే ఎవరైనా పసరు తాపి సూది మాన్పిస్తామంటే నాకు భయం.

నేను రెండు రకాల సూదులు వేసుకుంటాను. ఒకటి రాత్రిపూట, నిదానంగా పనిచేసేది. అది తిన్నా తినకపోయినా ఉండాల్సిందే. శివరాత్రికి ఒక్కపొద్దున్నా సరే, మానకూడదు. రెండోది అన్నం సూది. అది తిండిని బట్టి పోవాలి. నాది రెగ్యులర్ రకం, తినేదానికి అరగంట ముందు వేసుకోవాలి. ఒంట్లోకి పోయినాక అది ఆగదు. అన్నం వచ్చినా రాకపోయినా దాని పని అది చేసుకుంటూ పోతుంది.

నాలుగేళ్ల కిందట మా బంధువుల పెండ్లికి పోయినాము. "నలుగురి ముందర సూది వేసుకోవద్దే, నిన్నెవరు చేసుకుంటారు" అని అమ్మ ముందే చెప్పింది. ఆకులు వేస్తాండారని విని, బాత్‌రూములోకి పోయి వేసుకొని వచ్చినా. అంతలో మగపెండ్లి వాళ్ల బస్సు రాలేదని పంక్తి ఆపేసినారు. ముప్పావు గంట, గంట దాటిపోయింది. చేతులు వణుకుతాండాయి, చెమటలు. ఇంత బెల్లం ముక్క పెట్టండని అడగడానికి సిగ్గు. అడిగితే ఎందుకని అడుగుతారు కదా. తర్వాత నాకు గుర్తు లేదు. గాలి సోకిందని ఒకరు వేపాకు తెచ్చినారంట. మా జేజి మాత్రం చక్కెర నీళ్లు పెదవులకు రాసి, ఆటోలో వేసి ఆస్పత్రికి పట్టించింది. దాచిపెట్టిన పెండ్లి సంబంధాలన్నీ ఆ రోజే బయటపడిపోయినాయి. ఇప్పుడు అమ్మే ముందుగా చెప్పేస్తుంది. రెండు సంబంధాలు పోయినాయి, పోనీ.

ఇప్పుడు ఎక్కడికి పోయినా అన్నం ఎప్పుడు పెడతారో గట్టిగా అడుగుతాను. నమ్మకం లేకపోతే ఆకులో వడ్డించినాకే వేసుకుంటాను. షుగర్ కాసేపు పెరుగుతుంది, అయినా పడిపోయేదానికంటే మేలు.

ఇంక తిండి లెక్క. రాగిసంకటి షుగర్ వాళ్లకు మంచిది, దానికి సూది తగ్గించుకోవచ్చు అని నేనూ నమ్మినా. తిన్నాక చూస్తే 280. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, రాగుల్లో 70 చుట్టూ ఉంటుంది. పెద్ద తేడా ఏమీ లేదు. శెనక్కాయ కొనే కాటా మా వీధి చివర అంగట్లో ఉంది, దాని మీద అమ్మ ముద్దకు వాడే పిండీ బియ్యమూ తూచినాము. రెండూ కలిపి 80 గ్రాములు, పిండిపదార్థం 60కి దగ్గర. డాక్టరు నాకు చెప్పింది 10 గ్రాములకు ఒక యూనిట్, అంటే ముద్దకు 6. ఇది నా లెక్క, మీ పిల్లలకు వేరే ఉంటుంది, డాక్టరును అడగండి. శెనక్కాయ పీకే రోజుల్లో తగ్గించుకుంటాను. పొద్దంతా వంగి పనిచేస్తే రాత్రికి కూడా షుగర్ పడిపోతుంది.

సిరంజి సంగతి ఒకటి చెప్పాల. సీసా మీద 40 అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజరంగు మూతది. ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే మందు రెండింతలు పైగా పోవచ్చు, సగానికి పైగా తగ్గనూ వచ్చు. అంగట్లో తీసుకునేటప్పుడే చూసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు మీకు తెలిసిందే, కరెంటు సంగతీ తెలిసిందే. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ పెట్టి, సీసాను మూతున్న డబ్బాలో వేసి పైన తడిగుడ్డ కప్పుతాను. మన గాలి పొడిది కాబట్టి నీళ్లు ఆరిపోతూ లోపల చల్లబడుతుంది. వానలు లేని సీమలో ఇదొక్కటన్నా లాభం. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి, ఐసు గదిలో వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

గ్లూకోమీటరుకూ పట్టీలకూ మా సంఘం అంతర్గత అప్పు ఇచ్చింది. తీర్మానం రాసింది నేనే. మీ సంఘాల్లో ఇట్లాంటి బిడ్డలుంటే ఇది అనవసరపు ఖర్చు అనొద్దు. చూసుకోకుండా సూది వేసుకోవడం, నీళ్లు ఎంతున్నాయో చూడకుండా బావిలో దూకినట్లే.

ఎవరైనా వణుకుతూ, చెమటపడుతూ, మాట తడబడితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాపండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి, తగ్గకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, మా జేజి రాసినట్లు పెదవులకూ వద్దు. పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆ టైములో ఇన్సులిన్ మాత్రం వేయకూడదు.

ఇప్పుడు పన్నెండున్నర. ఒంటిగంటకు భోజనాలని కార్డులో వేసినారు, వంటక్కను అడిగితే పప్పు ఇంకా దించలేదంట. దించినాక పిలవమని చెప్పినా. పిలిచినప్పుడు ఇక్కడే, ఈ కుర్చీలోనే సూది వేసుకుంటాను. చూడాలనుకున్నవాళ్లు వచ్చి పక్కన కూర్చోండి.