చిత్రనిర్మాణములో దినముల లెక్క

సినిమా మొదలగునపుడు తెరమీద వరుసగా పేర్లు వచ్చును. నాయకుని పేరు వచ్చునపుడు హాలులో ఈలలు వినబడును. సంగీతదర్శకుని పేరు వచ్చునపుడు కొందరు తల యూపుదురు. ఆ నడుమ ఎక్కడనో ప్రొడక్షన్ మేనేజర్ అని ఒక పేరు వచ్చి పోవును. దానిని చదివినవారు అరుదు. ఆయన చేయు పని యేమని అడిగినచో, డబ్బు లెక్కలు చూచునని ఒకరును, అందరికి టిఫిను తెప్పించునని మరియొకరును చెప్పుదురు. రెండును నిజమే. కాని ఆ రెండింటికంటె ముందు ఆయన చేయవలసిన పని మరియొకటి కలదు. కథలో ఒకదాని వెనుక నొకటిగా వచ్చు సంఘటనలను విడదీసి, ఏది ఏ దినమున, ఏ చోట, ఎవరెవరితో, ఏయే వస్తువులతో తీయవలెనో నిర్ణయించుటయే ఆ పని. నా ప్రసంగము దానిని గూర్చియే.

ఇది మన యిండ్లలో ఎవరికిని తెలియని విద్య కాదు. ఆడపిల్ల పెండ్లి చేసిన ప్రతి గృహస్థునకు దీని రుచి తెలియును. ముహూర్తము కదలదు. పందిరివారు, వంటవారు, మేళము, విడిదియిల్లు, పురోహితుడు, ఒక్కొక్కరిది ఒక్కొక్క వేళ. అయితే పెండ్లి వరుసగా జరుగును. సినిమా వరుసగా జరుగదు. అప్పగింతలు ముందు తీసి, పెండ్లిచూపులు రెండు నెలల తరువాత తీయవలసివచ్చును. ఏలయన, కథలో కరణముగారి యిల్లు ఆరంభమున ఒకసారి, నడుమ నాలుగుసార్లు, తుదిని ఒకసారి వచ్చుననుకొందము. ఆరుసార్లు ఆ యింటిని కట్టి విప్పుట ఎవరివలనను కాదు. ఇల్లు వేసినపుడే ఆ ఆరు దృశ్యములను తీసి, సెట్టు విప్పి, ఫ్లోరును వెనుక వచ్చువారికి అప్పగింపవలెను. కథ కాలమును పట్టుకొని నడచును. నిర్మాణము చోటును పట్టుకొని నడచును.

పూర్తియైన స్క్రిప్టును చేతబట్టి ఒక్కొక్క దృశ్యమును విప్పి చూచుటను బ్రేక్‌డౌన్ అందురు. ఒక దృశ్యమును చూతము: “రాత్రి. కరణముగారి అరుగు. వాన. ఎనిమిదేండ్ల మనుమరాలు లాంతరు పట్టుకొని దూడను లోనికి తోలుకొని వచ్చును.” రచయిత దీనిని అరనిమిషములో వ్రాసియుండును. వాన యనగా నీళ్ళ ట్యాంకరు, గొట్టములు, పంపు, అరుగు చుట్టు నీరు పోవుటకు కాలువ. నీరున్న చోటనే పెద్ద విద్యుద్దీపములును ఉండును గనుక, తీగలు తడియకుండ కనిపెట్టి యుండుటకు మనుష్యులు. పాప పరికిణి మొదటి టేకులోనే తడియును. రెండవ టేకునకు పొడి పరికిణి కావలెను. కావున ఒకే తానులోని గుడ్డతో మూడో నాలుగో కుట్టింపవలెను. లాంతరు చిమ్నీ వేడిమీద చినుకు పడి పగులును. కావున చిమ్నీలు అరడజను. దూడ యున్నది గనుక దాని తల్లియు, యజమానుడును, గడ్డియు కావలెను. అంతకు ముందే, 2001 నాటి నియమముల ప్రకారము జంతుసంక్షేమ మండలి అనుమతి పొందవలెను. పాప విషయమున జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలెను. బాలకార్మిక చట్టము 2016లో సవరింపబడిన పిమ్మట వచ్చిన నియమములను బట్టి బాలనటులచే దినమునకు ఐదు గంటలకు మించియు, విశ్రాంతి లేకుండ మూడు గంటలకు మించియు పని చేయింపరాదు. ఇక ఎనిమిదేండ్ల పిల్లను అర్ధరాత్రి వానలో నిలుపుట నియమమునకే కాదు, మనసునకును ఒప్పదు. కావున పగటివేళ ఫ్లోరు లోపలనే అరుగు వేసి, వెలుతురు రాకుండ నల్లగుడ్డలు కట్టి, ఈ రాత్రిని తీయవలెను. అరనిమిషములో వ్రాసిన మాటలు ఒక పూర్తి దినమును, ఒక ఫ్లోరును, ఇరువదిమంది పనివారిని అడుగుచున్నవి. స్క్రిప్టులో ఇట్టి దృశ్యములు డెబ్బదియో ఎనుబదియో యుండును.

ఈ దృశ్యములను దినములుగా కూర్చుటకు అమెరికా స్టూడియోలలో ఒక పద్ధతి ఏర్పడినది. దృశ్యమునకొక సన్నని అట్టముక్క. పగటివేళ ఇంటిలోపలిదైనచో తెలుపు, పగటివేళ ఆరుబయటిదైనచో పసుపు, రాత్రి లోపలిది నీలము, రాత్రి బయటిది ఆకుపచ్చ. స్క్రిప్టులోని పుటను ఎనిమిది భాగములు చేసి, ఏ దృశ్యము ఎన్ని భాగములో ముక్కమీద వ్రాయుదురు. మన పాత లెక్కలో దానిని పరక యనవచ్చును. ముక్కలన్నిటిని పలకమీద నిలువున పేర్చి అటునిటు మార్చుచు, ఏ యమరికలో దినములు తగ్గునో చూతురు. నేడు కంప్యూటరు ఈ ముక్కలను క్షణములో మార్చును. కాని ఏది ముందు పెట్టవలెనో దానికి మనము చెప్పవలెను.

ముందు పెట్టవలసినవి మనకు లొంగనివి: నటుల కాల్షీట్లు, ఋతువు, కొన్ని దినములకే అనుమతి దొరకిన గుడియో, రైల్వేస్టేషనో. మనకు లొంగునవి వాని వెనుక నడచును. సాధ్యమైనంతవరకు బయటి పని మొదట ముగించుకొనవలెను. వాన వచ్చినచో ఆ దినమే లోపలికి పోయి తీయుటకు ఒక సెట్టు సిద్ధముగా నుంచుకొనవలెను. ఈ సెట్టు ఉంచుకొననివాడు యూనిట్టు నంతటిని కూర్చుండబెట్టి, తాను మబ్బులవైపు చూచుచుండును.

ఋతువు మాట వచ్చినది గనుక సత్యజిత్ రాయ్ అనుభవము చెప్పవలెను. ఆయన ‘పథేర్ పాంచాలి’ని 1952లో ఆరంభించునప్పటికి ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. సెలవుదినములలో తీయుచుండిరి. అక్కయు తమ్ముడును తెల్లని రెల్లుపూల నడుమ నడచు దృశ్యమును ఒక దినము కొంత తీసి, మిగిలినది తరువాత తీయవచ్చునని వచ్చిరి. మరల పోయి చూడగా పూలు లేవు, పశువులు మేసిపోయినవి. తిరిగి పూచు ఋతువు వచ్చువరకు ఏడాది ఆగవలసివచ్చెను. డబ్బు లేకయు పని పలుమారులు నిలిచిపోయెను. తుదకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము ధనమిచ్చుటచే 1955లో చిత్రము విడుదల యయ్యెను. ఈలోపల బాలుని గొంతు మారకపోవుట, బాలిక పెద్దదిగా కనబడకపోవుట, ఎనుబదియేండ్ల చునీబాలాదేవి జీవించి యుండుట, ఈ మూడును అద్భుతములని రాయ్ తరువాత చెప్పుకొనెను. ఆ చిత్రము గొప్పదగుటచే మనమీ కథను ముచ్చటగా చెప్పుకొందుము. అట్లే నిలిచిపోయి మరల లేవని చిత్రముల కథలను ఎవరును చెప్పుకొనరు. డబ్బాలలో నెగెటివు, కుదువబెట్టిన యింటి కాగితములు, జీతము రాని పనివారు మిగులుదురు.

మన తెలుగువారిలో ముందుచూపునకు పేరు పొందిన దర్శకులు కె.వి. రెడ్డిగారు. ‘పాతాళభైరవి’ని 1951లోను, ‘మాయాబజార్’ను 1957లోను మనకిచ్చిన ఆయన చిత్రీకరణమునకు ముందే నటులచే సంభాషణలను చెప్పించి, స్టాప్‌వాచితో కాలము కొలిచి, ఏ దృశ్యము ఎంతసేపు పట్టునో లెక్క వేసుకొనెడివారు. ఇది చాదస్తము కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషమునకు 90 అడుగులు పోవును. 1,000 అడుగుల చుట్ట పదకొండు నిమిషములలో ముగియును. మూడు గంటల చిత్రమునకు 16,200 అడుగులు. ఒక్కొక్క షాటును సగటున నాలుగుసార్లు తీసినచో 64,800 అడుగుల ముడిఫిల్ము కావలెను. ఉదకమండలమున హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1960లో స్థాపితమై, ఆ దశాబ్దము చివర ఉత్పత్తి మొదలుపెట్టువరకు ముడిఫిల్ము విదేశములనుండి రావలసినదే. యుద్ధకాలమున, 1942లో, కథాచిత్రము 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వమే కట్టడి చేసెను. అట్టి కాలమును చూచినవారికి, తీసి తరువాత కోసి పారవేయు దృశ్యము కంటికి నొప్పిగా నుండుటలో ఆశ్చర్యము లేదు. ‘మాయాబజార్’ను తెలుగున, తమిళమున ఏకకాలమున తీసిరి. తెలుగున అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావుగారు, తమిళమున జెమినీ గణేశన్‌గారు. నటుడు మారెను గాని, సెట్టులకు పెట్టిన ఖర్చు రెండు చిత్రములకు వచ్చెను.

ఇప్పుడు ఫిల్ము పోయి డిజిటల్ కెమెరా వచ్చినది గదా, ఇక ఈ పొదుపు ఎందులకని కొందరు యువకులు నన్నడుగుదురు. ఫిల్ము ఖర్చు తగ్గిన మాట నిజమే. ఆ ధీమాతో నాలుగు టేకులకు బదులు పదునాలుగు తీయుచున్నారు. టేకు ఒక్కటికి ఐదు నిమిషములన్నను, దినమునకు ఎన్ని గంటలు పోవునో లెక్క వేసికొనవచ్చును. ఆ తరువాత కూర్పుచేయువాడు వాని నన్నిటిని కూర్చుండి చూడవలెను. కెమెరాకు ఆహారము మారినది గాని పగటికి నిడివి పెరుగలేదు.

ఈ సంగతిని నేను నేర్చుకొన్న విధము చెప్పెదను. ఈ వృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో మా యూనిట్టు గోదావరి లంకలోనికి పడవమీద పోయినది. ఎనుబదిమందిమి. కథానాయిక ముందు దృశ్యమున ఆకుపచ్చ గాజులు తొడిగికొని యుండెను. దానికి కొనసాగింపు ఈ లంకలో తీయవలెను. గాజులపెట్టె నా బాధ్యత. అది లాడ్జిలో మిగిలిపోయినది. పడవ వెనుకకు పోయి, కారు పోయి, పెట్టె వచ్చుటకు మూడు గంటలు పట్టెను. అప్పటికి ఎండ తిరిగిపోయినది. మా మేనేజరుగారు పెద్దవారు. కేకలు వేయలేదు. నన్ను పిలిచి, “ఏమోయ్, గాజులెంత?” అని అడిగిరి. “డజను ఇరవై రూపాయలండీ,” అంటిని. “మరి ఈ మూడు గంటలెంత?” అనిరి. నాకు తెలియలేదు. ఒక కాగితమిచ్చి, ఆ మూడు గంటలలో ఎవరెవరు ఏమి చేసిరో పేరు పేరున వ్రాసి తెమ్మనిరి. లైట్‌మెన్, పడవవారు, మేకప్ సహాయకులు, జనరేటరు నడుపువాడు, వంటవారు. ఎనుబది పేర్లకు ఎదురుగా ఒక్కటే మాట వ్రాసితిని: నిరీక్షణ. వారి బత్తా, జనరేటరు నూనె, పడవ బాడుగ కూడి చూచువరకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొక లెక్క ఆ కాగితమున కనబడదు. మన చిత్రములలో చాల వరకు అప్పు తెచ్చి తీసినవే. కెమెరా తిరిగినను తిరుగకున్నను వడ్డీ తిరుగుచునే యుండును. చలనచిత్రరంగమునకు కేంద్రప్రభుత్వము 1998లో పరిశ్రమ హోదా ప్రకటించిన తరువాత బ్యాంకులకు ఈ వైపు దారి ఏర్పడినది. బ్యాంకువారు కథ ఎంత బాగున్నదో వినుటకంటె ముందు బడ్జెటు, షెడ్యూలు అడుగుదురు. అనుకోని ఖర్చులకని బడ్జెటులో నూటికి పది చేర్చుట వాడుక. నిర్మాతలు సాధారణముగా మొదట కొట్టివేయునది ఆ పదినే.

ఖర్చు పెట్టని ఈ పదివంటివే షెడ్యూలులో ఖాళీగా విడిచిన దినములు. నా అభిప్రాయమున బిగువుగా నున్న షెడ్యూలు మంచి షెడ్యూలు కాదు. దినమునకు తీయగలిగినదానికంటె ఎక్కువ వ్రాసి పెట్టినచో, ఆ లోటు పనివారి నిద్రనుండి తీర్చుకొందుము. అర్ధరాత్రి ప్యాకప్ చెప్పి, తెల్లవారి ఆరు గంటలకు రమ్మన్నచో, అందరికంటె ఆలస్యముగా పండుకొని అందరికంటె ముందు లేచువాడు వ్యాను డ్రైవరు. ఆ వ్యానులోనే మనమందరము ఘాటురోడ్డు దిగవలెను.

టెలివిజనులో ఈ లెక్క మరింత కఠినము. సినిమా విడుదలను వాయిదా వేయవచ్చును. ప్రసారపు వేళను వేయరాదు. 1975 ఆగస్టునుండి 1976 జులైవరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపిన ప్రయోగమునకు హైదరాబాదు ఒక నిర్మాణకేంద్రముగా నుండెను. గ్రామస్థులు సాయంకాలము టెలివిజను ముందు కూర్చున్నపుడు, ఇంకను సిద్ధము కాలేదని చెప్పుటకు వీలులేదు. నేటి దినవారీ సీరియళ్ళవారు ముందుగానే కొన్ని భాగములు నిలువచేసి పెట్టుకొందురు. నటికి జ్వరము వచ్చినచో ఆ నిలువ కరుగుచు పోవును. రేడియోవారి కష్టము మాత్రము తక్కువా? ఈ ప్రసంగమునకును నాకిచ్చిన నిమిషములు లెక్కపెట్టినవే. ఇంటిలో గడియారము ముందు పెట్టుకొని రెండుసార్లు చదివి, ఒక పుట తీసివేసి వచ్చితిని.

నేర్చుకొనదలచినవారికి పూనాలో 1960లో స్థాపింపబడిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటు, కలకత్తాలో 1995లో వెలసిన సత్యజిత్ రాయ్ సంస్థ ఉన్నవి. అక్కడికి పోలేనివారు ఇంటిలోనే మొదలుపెట్టవచ్చును. చూచిన సినిమా నొకదానిని మరల పెట్టి, ఒక్కొక్క దృశ్యమునకు చోటు, వేళ, మనుష్యులు, వస్తువులు కాగితముమీద వ్రాసికొని, దానిని తక్కువ దినములలో తీయు వరుస కనుగొనుడు. మొదటిసారి వేసిన వరుసలో నాయకుడు ఒకే దినమున అరకులోను, హైదరాబాదులోను ఉండును. అది తప్పు దిద్దుకొనవలసిన చోటు. తరువాత ఏదైన యూనిట్టులో చేరి దినవారీ రిపోర్టు వ్రాయు పని అడుగవలెను. ఎన్ని గంటలకు మొదటి షాటు, ఎన్ని షాట్లు, ఎందరికి భోజనము, ఎన్ని గంటలకు ప్యాకప్ అని దానిలో గడులుండును. ఎవరును కోరని పని గనుక అడిగినవారికి సులభముగా దొరకును.

గాజులపెట్టె దినము తరువాత మా మేనేజరుగారు నా రిపోర్టులో ఒక గడి ఎక్కువగా గీయించిరి. దానిపేరు నిరీక్షణ. ఎవరికొరకు, దేనికొరకు, ఎన్ని నిమిషములు ఆగితిమో అందులో వ్రాయవలెను. సాయంకాలము రిపోర్టు చేతికిచ్చినచో మిగిలిన గడులను విడిచి ఆ గడిని మాత్రమే చూచి సంతకము పెట్టెడివారు. ఆ చిత్రము పూర్తియగు వరకు అది ఖాళీగా నున్న దినము ఒక్కటియు లేదు. తరువాతి చిత్రమున మొత్తము మీద నాలుగు దినములు ఖాళీగా విడిచితిని.