థైరాయిడ్ చికిత్స: మందు పనిచేసే లోపల మన కర్తవ్యం



బతుకుతెరువు కోసం వచ్చి ముదగల్ కోట నీడలో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో ఒక ఆరోగ్య విషయం ముచ్చటించదలిచాను. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే వ్యాధికి చికిత్స ప్రారంభించినవారు కొద్ది రోజులకే ఒక ప్రశ్న అడుగుతారు: “మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను, గుండె దడ, చేతుల వణుకు, చెమట, నిద్రలేమి ఎందుకు పోలేదు?” సమాధానం తెలియక కొందరు మందు మానివేస్తారు, మరికొందరు తామే మోతాదు పెంచుకుంటారు. రెండూ ప్రమాదకరమే.

ఈ గ్రంథి తాను తయారుచేసిన హార్మోన్‌ను కొన్ని వారాలకు సరిపడా నిల్వ ఉంచుకుంటుంది. కార్బిమజోల్, మెథిమజోల్ వంటి మందులు కొత్త ఉత్పత్తిని అడ్డుకుంటాయే గాని పాత నిల్వను తొలగించలేవు. వాగును మళ్లించినా చెరువు ఒక్కనాడే ఎండదు గదా! అందుచేత ఉపశమనం సాధారణంగా 3, 4 వారాలకు కనిపించి, హార్మోన్ స్థాయి చక్కబడడానికి 6 నుండి 8 వారాలు, కొందరికి అంతకు మించి కూడా పడుతుంది. కండరాల నీరసం ఇంకా నిదానంగా తగ్గుతుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ నెలల తరబడి తక్కువగానే ఉండవచ్చు. కనుక ఆ ఒక్క అంకెను చూసి నిరాశ చెందరాదు. గ్రేవ్స్ వ్యాధిలో మాత్రలను సాధారణంగా 12 నుండి 18 నెలలు వాడవలసి ఉంటుంది.

ఈలోగా దడ, వణుకు తగ్గడానికి వైద్యులు ప్రొప్రనలాల్ వంటి మందు ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. రాయచూరు ప్రాంతపు ఎండ ఈ రోగులను మరింత బాధిస్తుంది. శ్రమతో కూడిన పనులు తెల్లవారుజామున ముగించుకొని, పలుచని నూలు వస్త్రాలు ధరించి, నీరు తరచుగా త్రాగండి. కాఫీ, టీ తగ్గించండి. పొగాకు కంటి సమస్యను తీవ్రం చేస్తుంది; పూర్తిగా విడిచిపెట్టండి. బయోటిన్ మాత్రలు పరీక్షా ఫలితాలను తారుమారు చేయగలవు. వాడుతుంటే వైద్యునికి తెలపండి. ఇంటివారికి ఒక మనవి: రోగి చిరాకు ఈ వ్యాధి లక్షణమే కావచ్చు, దానిని స్వభావదోషంగా ఎంచకండి.

ఓర్పు పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే కార్బిమజోల్ లేదా మెథిమజోల్ ఆపి, అదే రోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. ఈ మందుల వలన ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. సంభవిస్తే ఎక్కువగా తొలి మూడు నెలల్లోనే. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆలస్యం చేయరాదు. తీవ్ర జ్వరం, విపరీతమైన దడ, వాంతులు, మతి తప్పడం కలిసి వస్తే అత్యవసర చికిత్స అవసరం. గర్భం దాల్చినట్లు తెలిసిన వెంటనే, లేదా గర్భధారణ ఆలోచన ఉన్నప్పుడే, వైద్యుని కలవండి. మందు మార్చవలసి రావచ్చు. చలి, మలబద్ధకం, మితిమీరిన మందకొడితనం కనిపిస్తే మోతాదు ఎక్కువైందేమో పరీక్ష తేలుస్తుంది.

పండుగలకు స్వగ్రామం వెళ్లేటప్పుడు సరిపడా మాత్రలు, పాత నివేదికలు వెంట ఉంచుకోండి. ఇక్కడి ఆసుపత్రిలో భాష అడ్డు కాకుండా మూడు కన్నడ మాటలు గుర్తుంచుకోండి: గుండె కొట్టుకోవడం “ఎదె బడిత”, చేతి వణుకు “కై నడుక”, గొంతునొప్పి “గంటలు నోవు”. మన బాధను మన నోటితోనే స్పష్టంగా చెప్పుకోగలగడం కూడా చికిత్సలో భాగమే.