ధమనికి గాయము – ప్లేట్‌లెట్ల పాత్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు వైద్యవిషయమేమిటని మీరు అనుకోవచ్చును. పచ్చడిలో వేపపువ్వు ఉండనే ఉన్నది గదా! నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మన బెంగుళూరులో డెంగ్యూ జ్వరము వచ్చిన ఇంట ప్లేట్‌లెట్ల లెక్క తెలియనివారుండరు. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి సుమారు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఉంటవి. కూర తరుగుతూ వేలు తెగితే, ముందుగా చేరి ఆ గండి పూడ్చేవి ఇవే.

అయితే ఇవి గండి పూడ్చి ఊరుకోవు. 1974లో అమెరికాలోని సియాటిల్ నగరములో రస్సెల్ రాస్, ఆయన సహచరులు కోతి ధమనిలోని నునుపు కండర కణములను గాజుపాత్రలో పెంచి చూచినారు. గడ్డకట్టిన రక్తమునుండి తీసిన సీరములో అవి బాగా వృద్ధి చెందినవి. ప్లేట్‌లెట్లు తొలగించి చేసిన సీరములో అంతగా వృద్ధి చెందలేదు. ప్లేట్‌లెట్లు విడిచే ఆ ప్రేరక ద్రవ్యమునకే తరువాత పి.డి.జి.ఎఫ్. అని పేరు వచ్చినది. ధమని లోపొర గాయపడినప్పుడు ఇది నడిమిపొరలోని కండర కణములను లోపలికి రప్పిస్తుంది. ఇతర ద్రవ్యములు కూడ తోడై అవి పెరుగుతవి; రక్తము నడిచే దారి ఇరుకౌతుంది.

ఇది మనకెందుకు? 1977లో జ్యూరిచ్ నగరములో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు గుండె ధమనిని చిన్న బుడగతో తెరచినారు. దారి తెరచుకొన్నా, ధమనికి అదీ ఒక గాయమే! కొందరికి కొన్ని నెలలకే మరల ఇరుకయ్యేది. తరువాత సన్నని లోహపు వలవంటి స్టెంటు వచ్చినది. హైదరాబాదులో డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి 1990లలో తక్కువ ధర స్టెంటును రూపొందించినారు. కాని వట్టి లోహపు స్టెంట్లలోనూ కణములు పెరిగేవి. అందుకని 2003 ప్రాంతమున, కణవృద్ధిని అణచే మందు పూసిన స్టెంట్లు వాడుకలోకి వచ్చినవి.

ఇక్కడే ఒక మెలిక ఉన్నది. ఆ మందు లోపొర మానడమును కూడ ఆలస్యము చేస్తుంది. లోహముపై కొత్తపొర కమ్మేవరకు ప్లేట్‌లెట్లు అక్కడ గుమికూడి, రక్తము గడ్డకట్టి, దారి హఠాత్తుగా మూసుకోవచ్చును. అది ప్రాణాపాయము. ఆస్పిరిన్‌తో పాటు రెండవ మాత్ర కూడ ఇచ్చేది అందుకే.

మనవారు పండుగకు కర్నూలుకో, కడపకో బయలుదేరుతారు. మాత్రల డబ్బా ఇక్కడే ఉండిపోతుంది. "ఒంట్లో బాగానే ఉన్నదిలే" అని సరిపెట్టుకుంటారు. ఇంకొకరు పన్ను పీకించుకోవలెనని తమంతట తామే మాత్రలు మానేస్తారు. దయచేసి అలా చేయకండి. ఎన్నాళ్లు వాడవలెనో, ఎప్పుడు మానవలెనో మీ గుండె వైద్యుడే చెప్పవలెను. రక్తస్రావము కనబడితే వెంటనే ఆయనకే తెలుపవలెను.

ఈసారి ఊరికి పెట్టె సర్దేటప్పుడు పట్టుబట్టలకన్న ముందు మాత్రలు పెట్టండి. అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.